బీగం వేసిన ఇల్లు

సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు సమీపించినప్పుడెల్లా పోలీసు శాఖ నుండి ఒక ప్రకటన వెలువడుతుంది. ఊళ్ళకు వెళ్ళేవారు నగలనూ నగదునూ ఇంట్లో ఉంచవద్దనీ, తలుపులకు గట్టి తాళాలు వేసుకొమ్మనీ, ఇరుగుపొరుగువారికి చెప్పి వెళ్ళమనీ దాని సారాంశం. ఆ మాటలు పాటించదగినవే. అయితే చివరి సలహాలో ఒక నమ్మకం దాగి ఉంది. పొరుగింట ఎవరో ఒకరు ఉంటారన్నదే ఆ నమ్మకం. అనంతపురం కరవు సీమలో అన్నివేళలా నిలవనిది అదే.

ఈ సీమలో తాళాన్ని బీగమంటారు. ఎంత పెద్దదైనా బీగం చేసే మేలు పరిమితం. తలుపు తెరవడానికి దొంగకు పట్టే కాలాన్ని అది కొంత పొడిగిస్తుంది. ఆ కొంత కాలంలో ఎవరైనా చూస్తారేమో, అరుస్తారేమో అన్న భయమే దొంగను వెనుకకు తిప్పుతుంది. చూసేవారే లేని వీధిలో ఎంతటి ఉక్కు బీగమైనా అలంకారప్రాయమే. పైగా ఇంట ఎవరూ లేరన్న సంగతిని అది వీధికంతటికీ చాటుతుంది. లోపలి గడియ మాటలాడదు. వెలుపలి బీగం మాటలాడుతుంది.

ఇల్లు పాడుపడి ఉన్నదని చెప్పే గుర్తులు మరికొన్ని ఉన్నాయి. వాకిట పడి ఉన్న దినపత్రికలు, పగలంతా వెలుగుతున్న వీధిదీపం, తీగ మీద నాలుగు రోజులుగా ఆరుతున్న బట్టలు దొంగకు చదువు రాకపోయినా చదవగల అక్షరాలు. తెలుగునాట వీటన్నిటికంటె స్పష్టమైన గుర్తు ముగ్గు లేని వాకిలి. ధనుర్మాసంలో వీధివీధంతా రంగవల్లులతో కళకళలాడుతున్నప్పుడు, నడుమ ఒక్క గడప ముందు మాత్రం ఎండిన దుమ్ము కనిపిస్తే, ఆ ఇంటివారు ఊళ్ళో లేరని తెలుసుకోవడానికి గూఢచారి అక్కరలేదు. అందుకే పూర్వం ఊరికి వెళ్ళే ఇల్లాలు పొరుగామెతో, "వదినా, రోంత ఇంటి దిక్కు చూస్తాండు" అని చెప్పి బీగంచెవి అప్పగించేది. ఆ వదిన రెండు వాకిళ్ళు ఊడ్చి, రెండు వాకిళ్ళలో నీళ్ళు చల్లి, రెండింట ముగ్గులు పెట్టేది. సాయంకాలం లోపలికి వెళ్ళి దీపం పెట్టి వచ్చేది. ఇంటివారు ఎక్కడికీ వెళ్ళలేదన్నట్లుగానే ఇల్లు కనిపించేది. ఏ యంత్రమూ ఇంత చక్కగా దొంగను మోసగించజాలదు. నేడు ప్రయాణపు ఫోటోలను బండి కదలకముందే సెల్‌ఫోన్‌లో లోకానికంతటికీ చూపే అలవాటు ప్రబలింది. ఎదురింటివారికి చెప్పని సంగతి ఎరగని వందలమందికి తెలుస్తోంది!

ఇంటి కట్టడం కూడా ఇక్కడ ఆలోచించదగినది. అనంతపురం ప్రాంతంలోని పాత ఇండ్లు చాలావరకు మట్టి మిద్దెలు. రాతిగోడలు, కొయ్య దూలాలు, పైన మందంగా పరచిన మట్టి. వెలుతురు కోసమూ, వంటింటి పొగ పోవడం కోసమూ పైకప్పులో గవాక్షి ఉంటుంది. వరుసగా ఆనుకొని ఉన్న మిద్దెల మీద ఒక ఇంటి నుండి మరొక ఇంటికి నడిచిపోవచ్చు. ఈ కట్టడాన్ని చూసిన కొత్తవారికి ఇది దొంగకు రాచబాటలా తోచవచ్చు. కాని వేసవి రాత్రులలో వీధివారందరూ మిద్దెలమీదనే పడుకొనేవారు. వృద్ధుల దగ్గు, పసిపిల్లల ఏడుపు, అర్ధరాత్రి దాకా సాగే ముచ్చట్లు ఆ బాటకు కావలి కాసేవి. మనుషులున్నంతవరకు మిద్దె వరుస ఊరి పహరా; మనుషులు పోయిన తరువాత నిజంగానే దొంగ బాట.

చౌర్యాన్ని ఒక విద్యగా వర్ణించిన సాహిత్యం భారతదేశంలో ఉంది. శూద్రకుని 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నం వేసే ఘట్టం ప్రసిద్ధం. ఏ ఆకారంలో కన్నం వేయాలో అతడు శాస్త్రవేత్తలా చర్చిస్తాడు. కొలతకు తాడు తేవడం మరచి తన జందెంతోనే కొలుచుకొంటాడు. లోపల ప్రవేశించి చూస్తే అది పేదవాని ఇల్లు. వాద్యాలూ పుస్తకాలూ తప్ప మరేమీ లేవు. చివరకు అతని చేతికి చిక్కినది వసంతసేన దాచుకొమ్మని ఇచ్చిన నగల మూట. చారుదత్తుడు కుమిలిపోయినది తన సొత్తు పోయినందుకు కాదు. ఒకరు నమ్మి ఉంచిన వస్తువు పోయింది. పేదవాడు గనుక తానే కాజేశాడని లోకం అంటుందన్నది అతని బాధ. దొంగతనం వస్తువుతోపాటు నమ్మకాన్నీ ఎత్తుకుపోతుందని ఇంత సూటిగా చూపిన రచనలు అరుదు. తెనాలి రామకృష్ణుని 'పాండురంగ మాహాత్మ్యం'లోని నిగమశర్మ కథ మరొక తీరుది. అక్కడ దొంగ గోడ దాటి రాలేదు; ఇంటివాడే. తాళాలు పనిచేయని ఆ సందర్భాన్ని గూర్చి పోలీసు ప్రకటనలు మౌనం వహించడం సహజమే.

కన్నం వేయడం చట్టంలోనూ చోటు సంపాదించుకొంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఇంటిని భేదించి ప్రవేశించడమనే నేరానికి ఇచ్చిన మొదటి ఉదాహరణ గోడకు రంధ్రం చేసి అందులో చేయి పెట్టడం. 2024 జూలై 1 నుండి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. దాని 305వ సెక్షను ప్రకారం నివాసగృహంలో దొంగతనానికి ఏడేండ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. శిక్ష తక్కువేమీ కాదు. కాని శిక్ష దొంగ దొరికిన తరువాతి మాట.

మరి దొంగ రాకముందు కావలి ఎవరిది? ఈ సీమలో ఈ ప్రశ్నకు పూర్వం ఒక సమాధానం ఉండేది. 1800లో నైజాం నుండి ఆంగ్లేయుల వశమైన దత్తమండలాలలో పాలెగాళ్ళు కావలి రుసుము వసూలు చేసేవారు. తమ పరిధిలో దొంగతనం జరిగి సొత్తు దొరకకపోతే దాని విలువను చెల్లించవలసిన బాధ్యత కావలి తీసుకొన్నవానిదే. ఏర్పాటు ఆదర్శవంతమైనదని చెప్పలేము; కావలివాడే కన్నం వేయించిన సందర్భాలపై ఫిర్యాదులు లేకపోలేదు. అయినా అందులో ఒక న్యాయం ఉంది. ఇల్లు దోచుకోబడితే, తాళం సరిగా వేయలేదేమని ఇంటివానిని ఎవరూ నిందించలేదు, కావలివానిని నిలదీశారు. తరువాత గ్రామ తలారి రాత్రిపూట ఊరు తిరిగేవాడు. ఏ ఇంట ఎవరున్నారో, ఎవరు ఊరు విడిచారో అతనికి తెలిసేది. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయ్యాయి. వారసత్వంగా సంక్రమించే అధికారం పోవడం మేలే అయింది. దానితోపాటు ఊరి ఇండ్లను పేరుపేరునా ఎరిగిన కన్ను కూడా మూసుకొంది.

ఇక అసలు విషయం. అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపుతాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య రుతుపవనం చేరేసరికి చేవ చచ్చిపోతుంది. వానను నమ్మి విత్తిన వేరుశనగ ఊడలు దిగే వేళకు భూమి గట్టిపడితే, దీపావళి దాటగానే కుటుంబాలు మూటలు కట్టుకొంటాయి. కొందరు బెంగళూరు కట్టడపు పనులకు, మరికొందరు కేరళకు వెళతారు. కదలలేని వృద్ధులు ఊళ్ళో మిగులుతారు. తిరిగి ఏరువాక నాటికి గాని ఆ తలుపులు తెరుచుకోవు. పల్లె పనికి వంద రోజుల హామీనిచ్చిన చట్టం అమలు 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభం కావడం యాదృచ్ఛికం కాదు. వలస దుఃఖం ఎరిగిన నేల కనుకనే ఆ ఊరికి ఆ చోటు దక్కింది.

పట్టణపు ఉద్యోగి ఇల్లు పండుగకు మూతపడుతుంది. వలసకూలీ ఇల్లు పండుగకే తెరుచుకొంటుంది. ఉగాదికో, ఊరి దేవరకో, గూగూడు కుళ్ళాయస్వామి పీర్ల పండుగకో నాలుగు రోజులు వచ్చి, మళ్ళీ బీగం వేసి వెళతాడు. ఒకరికి నాలుగు రోజుల అజాగ్రత్త ప్రమాదమైతే, మరొకరికి ఆరు నెలల శూన్యం ప్రమాదం. సెలవుల హెచ్చరికలన్నీ మొదటివానిని ఉద్దేశించినవే.

వలస వెళ్ళినవాని ఇంట దొంగకు ఏమి దొరుకుతుందని అడిగేవారున్నారు. బంగారం దొరకకపోవచ్చు. కరవుసీమ రైతు బంగారం చాలావరకు పంటరుణం కింద బ్యాంకులో కుదువలో ఉంటుంది. ఆ విధంగా దానికి మంచి రక్షణే లభించింది! కాని రాబోయే ఏడాదికి దాచిన విత్తనపు కాయలు, పెండ్లినాటి ఇత్తడి పాత్రలు, బోరు ఎండిపోయాక ఇంటికి తెచ్చి పెట్టిన మోటారు, దానిలోని రాగితీగ, పెట్టెలోని పట్టాదారు పాసుపుస్తకం ఉంటాయి. ధనవంతుని ఇంట పోయిన నగ మరుసటి ఏడు మళ్ళీ రావచ్చు. విత్తనం పోయిన రైతుకు మరుసటి ఏడే లేదు.

ఇటువంటి స్థితిలో సాంకేతిక సహాయాన్ని కాదనవలసిన పనిలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ 2017లో తాళం వేసిన ఇండ్ల నిఘాకు ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే ఏర్పాటును ప్రవేశపెట్టింది. ఊరికి వెళ్ళేవారు సెల్‌ఫోన్ యాప్‌లో తమ ప్రయాణపు వివరాలు నమోదు చేస్తే, పోలీసులు ఉచితంగా ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరాను అమరుస్తారు. ఎవరైనా అడుగు పెడితే కంట్రోల్ రూముకు సంకేతం అందుతుంది. ఈ ఏర్పాటును మెచ్చుకొనవలసిందే. కాని నాలుగు రోజుల ప్రయాణానికి సరిపోయే కెమెరా ఆరు నెలల వలసకు చాలదు. స్టేషనుకు నాలుగు వీధుల దూరంలోని ఇంటికి అందే సంకేతఫలం, ఇరవై కిలోమీటర్ల దూరపు పల్లెకు చేరేసరికి దొంగ పొలిమేర దాటి ఉంటాడు. బ్యాంకు లాకరు సంగతీ అంతే. 2022 జనవరి నుండి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లాకరులోని సొత్తు దొంగతనం పాలైతే బ్యాంకు బాధ్యత వార్షిక అద్దెకు వంద రెట్ల వరకు ఉంటుంది. ఆ భరోసా లాకరు ఉన్నవారికే. విత్తనపు కాయలను లాకరులో పెట్టలేరు కదా.

జాగరూకత పేరిట జరిగే ఒక అన్యాయాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. సెలవుల కాలం రాగానే ఊరికి కొత్తగా వచ్చినవాడు, పాతసామాను కొనేవాడు, సోది చెప్పే స్త్రీ, గుడారం వేసుకొన్న కుటుంబం అందరూ అనుమానితులవుతారు. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలవారిని పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసింది. 1911 తరువాత అది మద్రాసు రాజ్యంలోనూ అమలైంది. ఎరుకలవారి వంటి కుటుంబాలను స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచి, హాజరు తీసుకొన్నారు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయినా ముద్ర చెరగలేదు. లవణం, హేమలతా లవణం దంపతులు 1970ల నుండి ఆ ఊళ్ళో చేసిన కృషి ఆ ముద్రను తుడవడానికే. ఏ ఇంట ఎవరు లేరో కచ్చితంగా తెలిసినవాడు బాటసారి కాదు, ఆ వీధిని రోజూ చూసేవాడేనన్న ఇంగితం ఉన్నవారు గుడారాల మీద పడరు.

కాబట్టి సెలవుల కాలపు గృహరక్షణను ఒక్కొక్క కుటుంబపు సొంత తెలివితేటలకు వదిలివేయడం సమంజసం కాదు. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు వాటిలో మహిళా సంరక్షణ కార్యదర్శి పదవిని కల్పించారు. మూతపడిన ఇండ్ల పట్టిక ఆ కార్యాలయంలో ఉండడం, అది గోడమీద కాక బీరువాలో ఉండడం, వలస వెళ్ళేవారి పాసుపుస్తకాలు, విత్తనం, మోటార్లు రశీదు మీద భద్రపరచడానికి ఊళ్ళో ఒక గట్టి గది కేటాయించడం అసాధ్యమైన పనులు కావు. రాత్రి గస్తీ పట్టణపు కాలనీలలో ఎన్నిసార్లు తిరుగుతుందో, మూడు వంతుల తలుపులు మూతపడిన పల్లెలో ఎన్నిసార్లు తిరుగుతుందో ప్రజలు అడిగి తెలుసుకోవాలి. ఊళ్ళో మిగిలిన వృద్ధురాలి చేతికి అత్యవసరమైతే 112కు ఫోన్ చేయగల సాధనమూ, చేసిన తరువాత వచ్చే మనుషులూ ఉండాలి. ఆమె నాలుగిండ్ల బీగంచెవులను కొంగున కట్టుకొని, తెల్లవారుజామున నాలుగు వాకిళ్ళలో నీళ్ళు చల్లుతోంది. ఆ పనికి ఇంతవరకు ఎవరూ జీతం నిర్ణయించలేదు.