కని ఇచ్చేస్తే పోలేదా?

"కడుపు తీయించుకోవడమెందుకు? కని ఎవరికైనా ఇచ్చేస్తే పోలేదా! పిల్లల్లేక ఎంతమంది అల్లాడుతున్నారు!" ఈ సలహా ఇచ్చేవాళ్లకు కనడమంటే ఏమిటో తెలియదో, తెలిసీ లెక్కలేదో!

2023 అక్టోబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక స్త్రీకీ చివరికి మిగిలింది ఇదే. ఇద్దరు బిడ్డల తల్లి, కాన్పు తర్వాత వచ్చిన మానసిక వ్యాధికి మందులు వాడుతున్నది. గర్భం 26 వారాలు దాటింది. మొదట ఇచ్చిన అనుమతిని వారం రోజులకు వెనక్కి తీసుకున్నారు. కాన్పు ఖర్చు ప్రభుత్వం భరిస్తుందట, కావాలంటే బిడ్డను దత్తత ఇచ్చుకోవచ్చట! అన్ని నెలలు నిండిన గర్భమంటే మనలో చాలామందికీ మనసు ఒప్పదు, నిజమే. కానీ మన మనసు ఒప్పకపోవడానికి మూల్యం ఆమె శరీరం ఎందుకు చెల్లించాలి?

పోనీ, దత్తత అంత సులువా? ఇచ్చే తల్లి శిశు సంక్షేమ కమిటీ ముందు నిలబడి ఎందుకు పెంచలేదో చెప్పి సంతకం పెట్టాలి. మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువుంటుంది. గడువు ఉండాల్సిందే. 1999లో, 2001లో లంబాడా తండాల ఆడశిశువులను కొని విదేశాలకు దత్తత పంపే వ్యాపారం ఉమ్మడి రాష్ట్రంలో బయటపడింది, మరిచిపోలేదు కదా! తీసుకునేవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. శరణాలయాల్లో పిల్లలున్నా చాలామందిని చట్టరీత్యా దత్తత ఇవ్వడానికి వీల్లేదు. పెళ్లయిన హిందూ స్త్రీకయితే 2010 దాకా తన పేరున దత్తత తీసుకునే హక్కే లేదు. భర్త తీసుకుంటే సరేననడమే ఆమె పని. ఇవన్నీ దాటి బిడ్డను తెచ్చుకుంటే, "ఏ కులమో, ఎవరి రక్తమో" అనే అత్తగారు సిద్ధం.

1971 చట్టం గర్భస్రావాన్ని స్త్రీ హక్కుగా ఇవ్వలేదు, డాక్టరు అభిప్రాయానికి కట్టిపెట్టింది. 2021లో సవరించారు, 2022 తీర్పు పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల దాకా అవకాశమిచ్చింది. అయినా ఆఖరి మాట డాక్టరుదే.

ఇక "భ్రూణహత్య" అనే మాట. ఆడపిండాలను వెతికి తీయించే దుర్మార్గం మీద పోరాడినప్పుడు ఊరూరా వినిపించిన మాట అది. 1994 చట్టం ఆ దుర్మార్గం కోసమే వచ్చింది. మాట మాత్రం కడుపు తీయించుకున్న ప్రతి స్త్రీకీ అంటుకుంది. తీయించుకుని ఏడ్చిన స్త్రీ తప్పు ఒప్పుకున్నట్టూ కాదు, ఏడవని స్త్రీ రాతిగుండెదీ కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి: పెళ్లయిన స్త్రీలలో 37.9 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. భర్తలు చేయించుకున్నది 0.3 శాతం. సలహాదారులు ముందు ఆ మగవాళ్ల గడప తొక్కితే బాగుంటుంది.