పది సీట్లకు ఉన్న విలువ: బ్రిటన్ ఎన్నికల తర్వాత కొన్ని ఆలోచనలు

2017 జూన్ 8న వుల్వర్‌హాంప్టన్‌లో ఒక చర్చి హాలుకు వెళ్లి ఓటేసి వచ్చాను. నా చేతిలో ఉన్నది ఇండియన్ పాస్‌పోర్టే. కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ చట్టబద్ధంగా నివాసం ఉంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వెయ్యొచ్చని ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన మన తెలుగు పిల్లల్లో చాలామందికి తెలియదు. నాకూ మొదటి ఏడాది తెలియదు. పోలింగ్ బూత్‌లో గుర్తింపు కార్డు అడగలేదు. వేలికి సిరా పూయలేదు. పేరు, ఇంటి నంబరు చెబితే జాబితాలో గీత కొట్టి బ్యాలెట్ చేతికిచ్చారు. లోపల తాడు కట్టిన పెన్సిల్ ఒకటి ఉంది, అంతే. మా పక్కింట్లో ఉండే పోలండ్ కుటుంబం నాకంటే ముందొచ్చింది, పన్నులు కడుతోంది, కానీ వాళ్లకు ఈ ఎన్నికల్లో ఓటు లేదు. సామ్రాజ్యం పోయినా దాని జాబితాలో నా పేరు మిగిలిపోయింది. అదీ తమాషా.

రాత్రి పది గంటలకు ఎగ్జిట్ పోల్ వచ్చింది. కన్జర్వేటివ్‌లకు 314 అన్నారు. నేనుండే ఇంట్లో నలుగురు అద్దెదారులం ఒక్క టీవీ ముందు కూర్చున్నాం. కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు. ఎందుకంటే ఏప్రిల్ 18న థెరిసా మే ఎన్నిక ప్రకటించినప్పుడు కొన్ని సర్వేలు ఆమెకు 20 పాయింట్ల ఆధిక్యం చూపించాయి. 2015లో వచ్చిన చిన్న మెజారిటీని పెద్దది చేసుకుని బ్రెగ్జిట్ చర్చలకు వెళ్లాలన్నది ఆమె లెక్క. తెల్లారేసరికి ఉన్న మెజారిటీ కూడా పోయింది. 650 సీట్లున్న సభలో స్పీకర్ని పక్కనపెడితే కన్జర్వేటివ్‌లకు 317, లేబర్‌కు 262, స్కాటిష్ నేషనల్ పార్టీకి 35, లిబరల్ డెమొక్రాట్లకు 12. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డీయూపీకి 10.

మన పత్రికలు దీన్ని త్రిశంకు సభ అన్నాయి. త్రిశంకు అనగానే మనకు తలకిందులుగా వేలాడే రాజు గుర్తొస్తాడు. వాల్మీకి రామాయణంలో వసిష్ఠుడి కొడుకులు అతన్ని ఛండాలుడివి కమ్మని శపించిన సంగతి మాత్రం హెడ్‌లైన్లు రాసేవాళ్లకు గుర్తుండదు. సరే, అది వేరే కథ.

మరునాటి నుంచి రెండు వారాల పాటు నేను చేసిన పని, కనిపించిన ప్రతివాళ్లనీ ఈ ఫలితం గురించి అడగడం. నా పరిశోధన ఎన్నికల మీద కాదు. మిడ్‌లాండ్స్‌లో స్థిరపడిన పంజాబీ రవిదాసియాల మీద. కానీ ఆ రోజుల్లో వేరే మాట ఎవరూ మాట్లాడలేదు. బస్సులో ఒక తెల్లావిడ, డెబ్బై దాటి ఉంటాయి, జీవితాంతం కన్జర్వేటివ్‌లకే వేసిందట. ఈసారి ఇంట్లోనే కూర్చుంది. ముసలితనంలో సేవకయ్యే ఖర్చు లెక్కలో సొంత ఇంటి విలువను కూడా కలపాలన్న ఆ పార్టీ మేనిఫెస్టో ఆమెకు కోపం తెప్పించింది. తర్వాత మే ఆ హామీని సవరించుకున్నా, ఏమీ మారలేదని బుకాయించడం ఇంకా మంటెక్కించింది. మా యూనివర్సిటీ క్యాంటీన్లో పనిచేసే అబ్బాయి జీవితంలో మొదటిసారి ఓటేశాడు. ట్యూషన్ ఫీజు రద్దు చేస్తామన్న లేబర్ మాట విని వేశానన్నాడు. వాడు చదువుకోవడం లేదు, వాళ్ల చెల్లి చదవాలి. ఇద్దరికీ హంగ్ పార్లమెంటు సంగతి పట్టలేదు. ఒకరు శిక్ష వేయాలనుకున్నారు, ఒకరు ఫీజు తగ్గించుకోవాలనుకున్నారు.

అందుకే ‘ప్రజలు ఎవరికీ పూర్తి అధికారం ఇవ్వకూడదని నిర్ణయించారు’ అని సంపాదకీయాలు రాస్తుంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. బ్యాలెట్ మీద ‘హంగ్’ అనే గడి ఉండదు. ఎవరి నియోజకవర్గంలో వాళ్లు, ఎవరి బాధకు వాళ్లు గుర్తు పెట్టారు. రెండు ప్రధాన పార్టీలకు కలిపి 82 శాతం ఓట్లు పడ్డాయి. 1970 తర్వాత ఇంత ఎప్పుడూ లేదు. అంటే ఓటర్లు తేల్చుకోలేక ఊగిసలాడారనడం తప్పు. వాళ్లు గట్టిగానే తేల్చుకున్నారు, కాకపోతే రెండు పక్కలా తేల్చుకున్నారు. ఆ చీలిక వయసు మీద ఉంది. 47 ఏళ్లు దాటినవాళ్లు కన్జర్వేటివ్‌ల వైపు, అంతకంటే చిన్నవాళ్లు లేబర్ వైపు మొగ్గారని యూగవ్ సర్వే చెప్పింది. ఓటరు నమోదుకు చివరి రోజైన మే 22న ఒక్క రోజే 6 లక్షలకు పైగా దరఖాస్తులు పెట్టారు.

మనకు ఇది వింతగా ఉంటుంది. హంగ్ అనగానే మన ఓటరుకు రిసార్టు గుర్తొస్తుంది. 2017 ఫిబ్రవరిలో కూవత్తూరు చూశాం. మార్చిలో గోవా, మణిపూర్‌లలో ఎక్కువ సీట్లు వచ్చిన పార్టీ బయట కూర్చుంటే రెండో పార్టీ ప్రమాణ స్వీకారం చేసింది. ఆంధ్రలో అయితే హంగ్ కూడా అక్కర్లేదు, ప్రతిపక్షం గుర్తు మీద గెలిచినవాళ్లు ఏప్రిల్లో నేరుగా మంత్రులయ్యారు. ఇక్కడ ఎంపీలను బస్సుల్లో ఎక్కించుకుని ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు. బేరం మాత్రం జరిగింది, కాగితం మీద. జూన్ 26న డీయూపీ 10 మంది ఎంపీల మద్దతుకు ఒప్పందం కుదిరింది. ఉత్తర ఐర్లండ్‌కు అదనంగా 100 కోట్ల పౌండ్లు. మొత్తం వివరాలు అదే రోజు ప్రచురించారు కూడా. సిగ్గుపడి దాచుకోకపోవడం మెచ్చుకోవాలో, సిగ్గే లేకపోవడం తిట్టుకోవాలో నాకు తెలియలేదు.

సామాన్య ఓటరుకు అసలు కోపం వచ్చింది ఇక్కడే. ఎన్నికలకు వారం ముందు టీవీ కార్యక్రమంలో ఒక నర్సు లేచి, 2009 నుంచి నా జీతం పెరగలేదని అడిగితే, డబ్బులు కాసే మాయచెట్టేదీ లేదని ప్రధాని జవాబిచ్చింది. మన ఇళ్లల్లో అమ్మలు చెప్పే మాటే, డబ్బులు చెట్లకు కాస్తున్నాయా అని. నెల తిరక్కుండా 10 ఓట్ల కోసం ఆ చెట్టు కాసింది. జూన్ 28న ప్రభుత్వోద్యోగుల జీతాల మీద ఉన్న పరిమితి ఎత్తెయ్యాలని లేబర్ సవరణ పెడితే 323–309తో ఓడించారు. ఓడించి చప్పట్లు కొట్టుకున్నారు. మా ఊరి ఆసుపత్రుల్లో కేరళ, ఆంధ్ర నర్సులు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒక తెలుగావిడతో ఆ వారం మాట్లాడాను. ‘అన్నా, మేం రాత్రి డ్యూటీల్లో ఉంటే వాళ్లు సంబరాలు చేసుకుంటున్నారు’ అంది. ఆవిడ నేను ఓటేసిన నియోజకవర్గంలోనే ఓటరు, ఎవరికి వేసిందో నేను అడగలేదు. ఆ వుల్వర్‌హాంప్టన్ నైరుతి నియోజకవర్గం ఒకప్పుడు ఇనాక్ పావెల్‌ది. వలస వచ్చిన నల్లవాళ్ల మీద, ఆసియావాళ్ల మీద 1968లో విషం కక్కిన మనిషి. 2017 జూన్‌లో అక్కడ గెలిచింది ఎలినార్ స్మిత్, నల్లజాతి స్త్రీ, నర్సుగా పనిచేసిన యూనియన్ నాయకురాలు. మా గల్లీలో పెద్దవాళ్లు దేశం ఫలితం కంటే దీన్నే ఎక్కువ చెప్పుకున్నారు.

మే ప్రచారం మొత్తం రెండు మాటల మీద నడిచింది: బలమైన, సుస్థిరమైన ప్రభుత్వం. అది విన్న ప్రతిసారీ నాకు కాన్షీరాం గుర్తొచ్చేవారు. మనకు కావాల్సింది మజ్బూత్ సర్కారు కాదు, మజ్బూర్ సర్కారు అనేవారు ఆయన. బలమున్న ప్రభుత్వం మన మాట వినదు, గతిలేని ప్రభుత్వం వింటుంది. ఉద్యమంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. 2017లో బ్రిటన్ దానికి ఒక పరీక్ష లాంటిదైంది. నేను చూసినంతవరకు ఆ మాట సగమే నిజం. గతిలేని ప్రభుత్వం వింటుంది, ఎవరి ఓట్లు లేకపోతే కూలిపోతుందో వాళ్ల మాట వింటుంది. డీయూపీకి దేశం మొత్తం మీద వచ్చినవి 3 లక్షల లోపు ఓట్లు, ఒక్క శాతం కూడా లేవు. అవన్నీ ఒకే చోట పడ్డాయి కాబట్టి 10 సీట్లు. 2014లో మన బీఎస్పీకి 2 కోట్ల 29 లక్షల ఓట్లు వచ్చాయి, ఓట్ల శాతంలో దేశంలో మూడో పార్టీ, సీట్లు సున్నా. 2017 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లో బీజేపీ 40 శాతం లోపు ఓట్లతో 312 సీట్లు తెచ్చుకుంటే, 42 శాతం దాటిన మేకు మెజారిటీయే రాలేదు. మనం అరువు తెచ్చుకున్న ఈ పద్ధతిలో మనుషుల సంఖ్య కంటే వాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయన్నది ముఖ్యం. మన వాడలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, అదే మన చిక్కు.

ఇక్కడి దళితుల సంగతీ అంతే. బ్రిటన్‌లో వాళ్ల సంఖ్య 50 వేల నుంచి 2 లక్షల పైదాకా రకరకాలుగా చెబుతారు. వుల్వర్‌హాంప్టన్, బర్మింగ్‌హామ్, కోవెంట్రీ, బెడ్‌ఫర్డ్, సౌతాల్ ఇలా చెదిరి ఉన్నారు. కులవివక్షను చట్టంలో నిషేధించాలన్న వాళ్ల పోరాటానికీ హంగ్ పార్లమెంట్లకూ పాత సంబంధం ఉంది. 2010 ఏప్రిల్లో సమానత్వ చట్టం వచ్చినప్పుడు కులాన్ని చేర్చే అధికారం మంత్రికి ఇచ్చారు, చేర్చి తీరాలనలేదు. నెల తిరక్కుండా ఎన్నికలై హంగ్ వచ్చింది. ఇక్కడ కులవివక్ష ఉందని ప్రభుత్వం వేయించిన అధ్యయనమే ఆ డిసెంబర్లో చెప్పినా సంకీర్ణ ప్రభుత్వం కదల్లేదు. అదే ప్రభుత్వ హయాంలో, 2013లో, దళిత సంఘాలు పార్లమెంటు బయట నిలబడితే లోపల ప్రభువుల సభ ప్రభుత్వాన్ని ఓడించింది. బిషప్‌గా పనిచేసిన లార్డ్ హారీస్ సవరణ అది. చివరికి ‘చేర్చవచ్చు’ అన్నది ‘చేర్చాలి’ అయింది. ఓటుతో ఎన్నిక కాని సభ మన పక్షాన నిలవడం అంబేడ్కరైట్‌గా నాకు కాస్త ఇబ్బందే, అయినా జరిగింది అదే. తర్వాత 2015లో సొంత మెజారిటీతో వచ్చిన ప్రభుత్వం రెండేళ్లు కూర్చుని, 2017 మార్చి 28న చర్చాపత్రం బయటపెట్టింది. చట్టం చెయ్యాలా, లేక కోర్టు తీర్పులకు వదిలెయ్యాలా అన్నది ప్రశ్న. చట్టం చెయ్యాలని పార్లమెంటు 2013లోనే చెప్పింది కదా, మళ్లీ అడగడమేమిటి?

కోర్టులకు వదిలెయ్యడమంటే ఏమిటో చెప్పే కేసు ఒకటుంది. ఇండియా నుంచి తెచ్చిన ఆదివాసీ మహిళతో ఒక ఇంట్లో నాలుగున్నరేళ్లు రోజుకు 18 గంటలు పని చేయించారు. లెక్కగడితే గంటకు 11 పెన్నీలు. కులం కూడా జాతి మూలంలో భాగం కావచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ అంది, 2015లో ఆమెకు కనీస వేతన బకాయిలే లక్షా 83 వేల పౌండ్లకు పైగా ఇవ్వాలని తీర్పొచ్చింది. గొప్ప గెలుపే. కానీ ‘కావచ్చు’ అనే మాట మీద ఆధారపడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ మీద, కేర్ హోమ్‌లో యజమాని మీద కేసు వేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

అవతలి వైపు ఓట్లు గుంపుగా ఉన్నాయి. లండన్‌లోని హారో ఈస్ట్‌లో కులాన్ని చట్టంలో చేర్చడాన్ని వ్యతిరేకించే కన్జర్వేటివ్ ఎంపీ బాబ్ బ్లాక్‌మన్ 2017లో 1,757 ఓట్లతో బయటపడ్డారు. అక్కడ హిందూ ఓట్లు ఎక్కువ. ప్రతి ఎంపీ లెక్కలోకొచ్చే సభలో అలాంటి ఒక్కరిని నొప్పించడానికి అప్పటి ప్రభుత్వం సాహసిస్తుందా? నాకు నమ్మకం లేకపోయింది. పైగా ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టిన డీయూపీ ఎంపీల ఉత్తర ఐర్లండ్‌కు ఆ సమానత్వ చట్టం వర్తించనే వర్తించదు.

అయితే జూన్ 29న ఇంకోటి జరిగింది. ఉత్తర ఐర్లండ్ స్త్రీలు ఇంగ్లండ్‌కొచ్చి అబార్షన్ చేయించుకుంటే డబ్బు కట్టాల్సి వచ్చేది. లేబర్ ఎంపీ స్టెల్లా క్రీసీ సవరణ పెట్టింది. కొందరు కన్జర్వేటివ్‌లు కూడా మద్దతిస్తారని తెలియగానే ఓటింగ్ దాకా పోకుండా ప్రభుత్వం ఒప్పేసుకుంది. డీయూపీకి అబార్షన్ అంటే పడదని తెలిసి కూడా. పార్టీ లేదు, సీట్లు లేవు, పది మంది అటూ ఇటూ అవుతారన్న భయం పెట్టగలిగింది, అంతే. 2013లో ప్రభువుల సభలో మన సంఘాలు చేసింది కూడా ఇంచుమించు ఇలాంటిదే.

కెన్సింగ్టన్ గురించి చెప్పకుండా ఉండలేను. లండన్‌లో అత్యంత ఖరీదైన ప్రాంతం, ఎప్పుడూ కన్జర్వేటివ్‌లదే. మళ్లీ మళ్లీ లెక్కపెట్టి జూన్ 9 రాత్రి ప్రకటించారు, లేబర్ 20 ఓట్లతో గెలిచింది. అన్నిటికంటే చివర తేలిన సీటు అదే. ఐదు రోజులకు అదే నియోజకవర్గంలో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయింది. డెబ్బై మందికి పైగా పోయారు. ఆ భవనం ప్రమాదకరంగా ఉందని అద్దెదారులు ఎన్నోసార్లు రాశారు, కౌన్సిల్ వినలేదు. మరునాడు ప్రధాని వచ్చి అగ్నిమాపక సిబ్బందిని కలిసి, బాధితులను కలవకుండా వెళ్లిపోయింది. కారంచేడు, చుండూరు తర్వాత ఎవరెవరు ఎప్పుడొచ్చారో, ఎవరితో మాట్లాడారో మనకు గుర్తే కదా. నా పక్కగదిలో ఉండే సోమాలీ విద్యార్థి బంధువు ఆ వీధిలోనే ఉంటాడు. హంగ్ పార్లమెంటు గురించి నేను అడిగిన ప్రశ్నకు ఆ అబ్బాయి జవాబు చెప్పలేదు, టవర్ ఫొటో చూపించాడు.

కులం మీద చర్చాపత్రానికి గడువు ఎన్నికల వల్ల 2017 సెప్టెంబర్ 18 దాకా పొడిగించారు. అప్పట్లో ఆన్‌లైన్‌లో ఎవరైనా జవాబు పంపే వీలుండేది. ఆ రోజుల్లో ఒక ఆదివారం రవిదాస్ సభలో లంగర్ అయ్యాక ఆ పత్రం ముందేసుకుని కూర్చున్నాం. 1960లలో వచ్చి ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు పనిచేసిన పెద్దాయనకు నా అరకొర హిందీలో ఒక్కో ప్రశ్న చెప్పాను. ఎన్నికల్లో ఎప్పుడూ లేబర్‌కే వేశానని, ఈసారి ఓడిపోయినా గెలిచినట్టుందని ఆయన నవ్వుతూ అన్నారు. ఫౌండ్రీలో తన కుళాయి దగ్గర నీళ్లు తాగని తోటి పంజాబీల సంగతి మాత్రం నవ్వకుండా చెప్పారు. అది రాద్దామా అంటే, వాళ్ల పిల్లలు మా పిల్లలు ఒకే బడికి పోయారు, రాయాలా అని కాసేపు ఆలోచించారు. తర్వాత రాయమన్నారు. పేరు మాత్రం వద్దన్నారు. తెలుగు నర్సులను కూడా అడిగాను, ఇద్దరు పంపుతామన్నారు.