78.5 అని చెప్తే సరిపోతుందా?

క్లాస్ బి యాంప్లిఫయర్ ఎఫిషియెన్సీ ఎంత? వైవాలో ఈ ప్రశ్న పడితే మనకు పండగే. నిద్రలో లేపి అడిగినా 78.5 శాతం అంటాం. నేనూ చెప్పాను, మార్కులూ పడ్డాయి. ఆ అంకె ఎప్పుడు నిజం అని మాత్రం ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

అది ఔట్‌పుట్ నిండుగా ఊగుతున్నప్పటి లెక్క. ల్యాబులో మనం ఇచ్చేది ఒకే ఎత్తున్న సైన్ వేవ్, కాబట్టి ఇబ్బంది తెలీదు. 4జీ, 5జీ టవర్ పంపే ఓఎఫ్‌డీఎమ్ సిగ్నల్ అలా ఉండదు. వందల సబ్‌క్యారియర్లు ఎప్పుడో ఒక్కసారి కలిసి పైకి లేస్తాయి. సగటు మాత్రం ఆ శిఖరానికి 10 డీబీ కింద, ఆ దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ క్లాస్ బి ఎఫిషియెన్సీ, కాగితం మీద కూడా, 25 శాతమే. సంక్రాంతి రద్దీకి సరిపడా బస్సు కొని ఏడాదంతా నలుగురితో తిప్పినట్టు. మిగతాదంతా వేడి.

దీనికి మందు 1936లోనే బెల్ ల్యాబ్స్‌లో విలియం డోహర్టీ చెప్పాడు, అదీ రేడియో ప్రసారాల కోసం, వాక్యూమ్ ట్యూబులతో! రెండు యాంప్లిఫయర్లు. ఒకటి ఎప్పుడూ పనిలో ఉంటుంది, రెండోది సిగ్నల్ సగం దాటాకే లేస్తుంది. అది లేచేకొద్దీ మొదటిదానికి కనిపించే లోడ్ తగ్గి, వోల్టేజీ నిండుగా ఉండగానే ఇంకా పవర్ ఇస్తుంది. అందుకే 6 డీబీ కింద కూడా, ఆదర్శంగా, అదే 78.5.

చిక్కు ఎక్కడంటే, ఆ రెండింటినీ కలిపే లైను పొడవు పావు తరంగదైర్ఘ్యం. పావు అనేది ఒక్క ఫ్రీక్వెన్సీకే పావు! పక్కకు జరిగితే లెక్క తప్పుతుంది. ఒకే యాంప్లిఫయర్ నాలుగు బ్యాండ్లు మోయాలనే ఈ రోజుల్లో అదే తలనొప్పి. ఫోన్లలోని ఎన్వలప్ ట్రాకింగ్‌దీ ఇదే కథ. సప్లై వోల్టేజీ సిగ్నల్ వెంట పరిగెత్తాలి, బ్యాండ్‌విడ్త్ పెరిగితే ఆ పరుగుకే కరెంటు ఖర్చు. నా దృష్టిలో అసలు ఇంజనీరింగ్ ఈ పేచీలోనే ఉంది. మన సిలబస్ దీని గుమ్మం దాకా తీసుకొచ్చి వెనక్కి తిప్పేస్తోంది.

మొన్న పుష్-పుల్ కిట్ మీద ఇన్‌పుట్ సగానికి తగ్గించి చూశాను. ఎఫిషియెన్సీ కూడా దాదాపు సగమైంది. ఆ గ్రాఫ్ రికార్డులో గీస్తే "ఇది ఎవరు అడిగారు?" అంటూ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. సరే, పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. ఈ సెమిస్టర్ ఆ ప్రయోగం చేసేవాళ్ళు ఆ రెండో రీడింగ్ కూడా తీసుకోండి. కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు, పది నిమిషాల పని.