నారదుని శోకం, మన సంకోచం

ఛాందోగ్యోపనిషత్తులోని సప్తమాధ్యాయం ఒక విద్వాంసుని దుఃఖంతో ఆరంభమవుతుంది. నారదుడు సనత్కుమారుని సన్నిధికి వెళ్లి తనకు బోధించమని ప్రార్థిస్తాడు. ఇంతవరకు నీకు తెలిసినదేమిటో చెప్పు, ఆపై సంగతి నేను చెబుతానంటాడు సనత్కుమారుడు. నారదుడు తాను అభ్యసించిన విద్యలన్నింటినీ వరుసగా పేర్కొంటాడు: నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య, ఇంకా ఎన్నో. అంత పెద్ద పట్టిక ముగిసిన పిమ్మట ఆయన విన్నవించుకున్నది మాత్రం ఒక్కటే. ఇన్ని తెలిసినా తాను శోకంలోనే ఉన్నాడు. ఆ శోకం నుంచి తనను దాటించాలి.

ఈ ఘట్టాన్ని ఆత్మవిద్యా మాహాత్మ్యానికి నిదర్శనంగా వ్యాఖ్యానిస్తాం. అది సముచితమే. అయితే అందులోనే మరొక సత్యం కూడా ఉన్నది. సర్వవిద్యా సంపన్నుడు సైతం శోకగ్రస్తుడు కాగలడు. ఆ సంగతిని మరొకరి ఎదుట నోరు విప్పి చెప్పుకోవడం వల్ల అతని గౌరవానికి భంగం కలుగదు. ఇంత చదివీ ఇదేమిటని సనత్కుమారుడు ఆక్షేపించలేదు. విన్నాడు, ఆ తరువాతనే ఒక్కొక్క మెట్టుగా బోధించాడు.

మన పరిసరాల్లో జరుగుతున్నది ఇందుకు భిన్నం. అల్వాల్, బొల్లారం, యాప్రాల్ ప్రాంతాల్లో ఉద్యోగ విరమణ చేసినవారు, సైన్యంలో పనిచేసి సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. సంతానం విదేశాల్లో ఉండగా ఇద్దరే, కొన్ని ఇళ్లలో ఒక్కరే, కాలం గడుపుతున్నవారూ ఉన్నారు. అల్వాల్ శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయంలో ప్రదక్షిణానంతరం నలుగురు కూర్చుంటే మోకాలి శస్త్రచికిత్స గురించి, చక్కెరవ్యాధి మాత్రల గురించి నిస్సంకోచంగా మాట్లాడుకుంటారు. నడిరాత్రి మెలకువ వచ్చి, బతుకు దేనికన్న ఆలోచనతోనే తెల్లవారుతున్నదని మాత్రం ఎవరూ చెప్పరు. చెప్పినా లభించే సమాధానం తెలిసినదే. సుందరకాండ పారాయణం చేయండి, గీత చదవండి, మనసు గట్టి చేసుకోండి. వైద్యుని మాట ఎత్తితే 'ఎర్రగడ్డ' అన్న ఒక్క పదం అందరి నోళ్లూ మూయిస్తుంది. రోగులకు ఆశ్రయమిచ్చే ఒక వైద్యాలయం ఉన్న ఊరి పేరును మనం పరిహాసపదంగా మార్చుకున్నాం. ఆ పరిహాసానికి వెల చెల్లిస్తున్నది రోగులు.

కుంగుబాటుతో బాధపడే వ్యక్తికి చికిత్స మాని జపం పెంచమని చెప్పడం భక్తి అనిపించుకోవచ్చు గాని, శాస్త్రసమ్మతం కాదు. చరకసంహిత సూత్రస్థానం మూడు విధాలైన చికిత్సలను చెబుతున్నది. మంత్రం, హోమం, నియమం మొదలైనవి దైవవ్యపాశ్రయం. ఆహార ఔషధాలను యుక్తంగా ప్రయోగించడం యుక్తివ్యపాశ్రయం. అహితకరమైన విషయాల నుంచి మనస్సును మరల్చడం సత్త్వావజయం. పారాయణం చేయమనే పెద్దలు మొదటి అంగాన్ని స్వీకరించి, తక్కిన రెండింటినీ త్యజిస్తున్నారు. మూడింటినీ చెప్పిన ఆచార్యుని కంటే మనం అధిక ఆస్తికులమా?

మనస్సుకు మాత్ర ఏమిటని కొందరు ప్రశ్నిస్తారు. దీనికి సమాధానం ఛాందోగ్యంలోనే, షష్ఠాధ్యాయంలో ఉన్నది. ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదిహేను దినాలు నిరాహారంగా, జలం మాత్రం త్రాగి ఉండమన్నాడు. పిమ్మట వేదం చెప్పమంటే ఏదీ స్ఫురించలేదు. భుజించి వచ్చిన తరువాత అడిగినదంతా చెప్పగలిగాడు. మనస్సు అన్నంతో పోషింపబడే సూక్ష్మ పదార్థమని ఉపనిషత్తు ఆ విధంగా ప్రత్యక్షం చేసి చూపింది. అన్నం లోపిస్తే స్మృతి క్షీణించినప్పుడు, దేహంలోని వైకల్యం వల్ల ఉల్లాసం క్షీణించడం అసంభవమా? థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం కూడా కుంగుబాటును పోలిన లక్షణాలను కలిగిస్తాయి. అందుకే వైద్యులు రక్తపరీక్షలు చేయిస్తారు. ఆ పరీక్ష పారాయణంతో జరిగేది కాదు.

ఇక గీత ఆరవ అధ్యాయాన్ని ఉదహరించేవారున్నారు. తనను తానే ఉద్ధరించుకోవాలని భగవానుడు చెప్పగా పరాశ్రయం దేనికంటారు. ఆ మాట విన్న అర్జునుడు ఎటువంటివాడు? అవయవాలు పట్టుదప్పి, నోరెండి, దేహం కంపించి, గాండీవం చేజారగా రథంలో కూలబడినవాడు. అతనికి తొలుత లభించినదీ మందలింపే. దుర్బలత్వం విడిచి లెమ్మన్నాడు కృష్ణుడు. ఆ మాటతో అర్జునుడు లేవలేదు. ఈ శోకాన్ని పోగొట్టేది ఏదీ తనకు కానరావడం లేదని ఒప్పుకొని, శిష్యుడనై శరణు వేడుతున్నానన్నాడు. బోధ ఆ తరువాతనే ప్రారంభమైంది. సహాయం కోరడం ఆత్మోద్ధరణకు విరుద్ధం కాదు; అది దాని తొలి సోపానం. గీతోపదేశాన్ని సాక్షాత్తు భగవానుని ముఖతః విన్నవాడే మందలింపుతో లేవలేకపోగా, మన మందలింపుతో పొరుగింటివారు లేవాలని ఆశించడం ఏ పాటి న్యాయం?

అన్నింటికంటే ప్రమాదకరమైన భ్రాంతి వేరొకటి ఉన్నది. ఏ విషయంపైనా ఆసక్తి లేని స్థితిని వైరాగ్యమని కొనియాడడం అది. వేదాంతం సాధన చతుష్టయంలో మొదట వివేకాన్ని, తరువాత వైరాగ్యాన్ని నిలిపింది. వివేకం వల్ల జనించిన వైరాగ్యం మనస్సును తేలిక పరుస్తుంది, ఇతరుల పట్ల కరుణను పెంచుతుంది. కుంగుబాటు వల్ల కలిగిన నిరాసక్తత బరువును పెంచుతుంది. తాను నిరర్థకుడనన్న భావాన్ని, తన వారికి తాను భారమన్న తలపును రేపుతుంది. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిదినమూ దిగులు లేక నిరాసక్తత, వాటికి తోడు నిద్రాహారాల్లో మార్పు, అలసట, ఏకాగ్రతాలోపం, మరణచింతన వంటివి కనిపిస్తే అది వైరాగ్యం కాదు, వ్యాధి. పతంజలి యోగాంతరాయాలను లెక్కిస్తూ వ్యాధిని ప్రథమ స్థానంలో ఉంచాడు. వ్యాధి ఉండగా యోగం సాగదన్నది ఆయన అనుభవసారం.

చికిత్స స్వరూపం కూడా భయపడవలసినది కాదు. సైకియాట్రిస్ట్ ఔషధం ఇస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ సంభాషణ ద్వారా చికిత్స చేస్తారు. ఔషధం పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండు దినాల్లో గుణం కనిపించలేదని మానరాదు, గుణం కనిపించగానే వైద్యునికి చెప్పకుండానూ మానరాదు. 1960వ దశకంలో అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతిలో రోగి తన ఆలోచనను సత్యంగా గాక కేవలం ఒక ఆలోచనగా చూసి, దానికి ప్రమాణమేమున్నదని పరీక్షించడం నేర్చుకుంటాడు. దృగ్దృశ్య వివేకం తెలిసినవారికి ఈ మార్గం పూర్తిగా అపరిచితం కాదు. అయితే చూసేవాడు ఎవరన్న ప్రశ్నకు ఆ పద్ధతి సమాధానం చెప్పదు. చెప్పవలసిన అవసరమూ దానికి లేదు. చికిత్స మోక్షాన్ని ఇవ్వదు. మోక్షచింతన చేయగల మనస్సును తిరిగి ఇస్తుంది.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సుమారు ఇరవై మంది వయోజనుల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి లోనవుతున్నారు. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా గుర్తించింది. శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలని ఆదేశించింది. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై అహోరాత్రాలు, తెలుగులో కూడా, ఉచితంగా లభిస్తున్నది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో అల్వాల్‌లో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అటువంటి వైద్యాలయాల్లో గుండెకు, మూత్రపిండాలకు ఉన్నట్లే మనస్సుకూ అదే వరండాలో ఒక ద్వారం ఉండాలని కోరడం పౌరులుగా మన ధర్మం.

ఆస్తికులుగా మన ధర్మం మరొకటి. ఆలయ మంటపంలో ఒకరు నిద్ర పట్టడం లేదని చెప్పినప్పుడు ఉపదేశాన్ని కాసేపు ఆపి వినడం, అవసరమైతే వైద్యుని వద్దకు తోడుగా వెళ్లడం, తిరిగి వచ్చాక ఆ సంగతిని పదిమందికి చాటకపోవడం. పారాయణం మానమని ఎవరూ అనడం లేదు. మాత్ర వేసుకొనే పారాయణం చేయవచ్చు. స్వామి దానికి అభ్యంతరం చెప్పడు.

శోకంలో ఉన్నానని చెప్పినందువల్ల నారదుడు దేవర్షి పదవిని కోల్పోలేదు. చెప్పినందువల్లనే శోకాన్ని దాటే మార్గం ఆయనకు లభించింది.

స్వస్తి.