అచ్చు కోయుటకు ముందటి లెక్క

ప్లాస్టిక్కు కుర్చీని, బకెట్టును, కలపు మూతను ప్రతిదినము వాడుచున్నను, అవి యెట్లు పుట్టుచున్నవో విచారించువారు కొలదిమందియే. కరగిన పదార్థమును మిక్కుటమైన పీడనముతో ఉక్కు అచ్చులోనికి ద్రోసి, చల్లార్చి, వెలికి దీయుదురు. ఇట్టి యంత్రమునకు అమెరికాలో హయత్ సోదరులు 1872లో పేటెంటు పొందిరి. అటుపిమ్మట నూఱేండ్లకు పైగా, అచ్చు చక్కగా నిండునా లేదా యన్న సంగతి అచ్చు తయారైన తరువాతనే తేటపడుచుండెను. లోపము కనబడెనా, ఆ గట్టి ఉక్కును మరల కోయవలసినదే.

1978లో మెల్‌బోర్ను నగరమున కాలిన్ ఆస్టిన్ స్థాపించిన మోల్డ్‌ఫ్లో సంస్థ యీ నిండుటను కంప్యూటరుపై ముందుగా లెక్కించు సాధనమును పరిశ్రమల కందించెను. 1980లో కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి హీబర్, షెన్ అనువారు ప్రకటించిన పద్ధతి యీ శాస్త్రమునకు పునాది యయ్యెను. వస్తువును చిన్న చిన్న త్రిభుజములుగా విభజించి, ఒక్కొక్కచోట పీడనమును, ఉష్ణమును క్షణక్షణమునకు గణించుటయే యిందలి కీలకము.

ఇందులో మన తరగతిగది గణితము ఎంత గలదో చూడుడు. తేనెవంటి ద్రవము పాఱు సందు మందము సగమైనచో, అదే పీడనమునకు ఎనిమిదవ వంతు మాత్రమే పాఱును. కరగిన ప్లాస్టిక్కు అంతకంటెను మొండిది. వడిగా ద్రోసిన పలుచనగును, మెల్లగా ద్రోసిన చిక్కనగును. కావున దాని పాఱుదల ఎనిమిదవ వంతుకంటెను తగ్గును. చల్లని గోడలనంటిన పొర అక్కడనే గడ్డకట్టి, దారిని మఱింత ఇఱుకు చేయును. ఘనము, వర్గము వల్లెవేసి విసుగుకొను బాలు రీ సంగతి నెఱిగిన బాగుండును!

రెండు పాయలు ఎదురెదురుగా వచ్చి కలిసిన తావున వెల్డు లైను ఏర్పడును. అది తఱచు బలహీనము. కుర్చీ కాలిలో నది పడినచో కూర్చున్నవాడు క్రింద పడును. లెక్క ఆ గీత యెచ్చట రాగలదో ముందే చూపును. గేటును వేఱొకచోటికి జరుపుట అప్పుడు సులభము. ఇట్టి సాధనమును వలదనువారితో నాకు వాదము లేదు, వారు నష్టపడి నేర్చుకొందురు.

నా కలవరము వేఱు. తెరపై నెఱ్ఱ, నీలి రంగుల బొమ్మను జూచి, అదియే వస్తువని నమ్ము యువకులు పెరుగుచున్నారు. ఆ తొలి పద్ధతి పలుచని వస్తువులకే తగినది. ప్రవాహపు మొనయందు నడిమి పదార్థము గోడలవైపు చిమ్ముటను అది విడిచిపెట్టెను. తరువాతి పద్ధతులు ఆ కొఱతను కొంత తీర్చినను, పదార్థముయొక్క చిక్కదనమును మనము తప్పుగా నిచ్చినచో అవియు తప్పే చెప్పును. చల్లారిన వస్తువు వంకర తిరుగుటను జెప్పుట, నిండుటను జెప్పుటకంటె నేటికిని కష్టమే.

హైదరాబాదులోను, విజయవాడలోను ఈ విద్యను గఱపు సీపెట్ కేంద్రములు గలవు. అటు పోదలచిన మన విద్యార్థులు తెరను దెఱచుటకు ముందు, ఏ మూల కడపట నిండునో కాగితముపై వ్రాసికొందురు గాక. పిమ్మట యంత్రమును సగములోనే ఆపి, అసంపూర్ణముగా నిండిన ముక్కలను వరుసగా దీసి, బొమ్మ ప్రక్కన బెట్టి చూడవలెను. రెండును వేఱైనచో, చిక్కదనపు అంకె ఆ రకపు ప్లాస్టిక్కుదేనా, అచ్చు వేడిమి మనము వ్రాసినంతయే యున్నదా యని ముందుగా అడుగవలెను.