జెట్‌లో వైరు దూర్చకండి!

ఈ మధ్య మా క్లాసులో ఒక వాదన నడిచింది. "2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనే. ఇంకా ఈ కార్బ్యురేటర్ గోల మనకెందుకు? ల్యాబ్‌లోంచి తీసేయొచ్చు కదా!" అని. నిరుడైతే నేనూ చెయ్యెత్తేవాణ్ణే. ఇప్పుడు మాత్రం అద్దాల బీరువాలోంచి తీసి మా చేతికివ్వండి అంటాను. ఎందుకో చెప్తాను.

మా తాతయ్య ప్రీమియర్ పద్మిని కారు కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నాలుగేళ్లుగా కదలకుండా పడి ఉంది. "నడిస్తే నడపండి, లేకపోతే తీసేయండి" అన్నారు అసోసియేషన్ వాళ్లు. తుక్కుకిచ్చేద్దామన్నాడు నాన్న. తాతయ్య ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు తట్టుకోబుద్ధి కాలేదు. "సెలవుల్లో నేను బాగుచేస్తా" అనేశాను. మెకానికల్ థర్డ్ ఇయర్ కదా, ఆ ధీమా!

కార్బ్యురేటర్ విప్పితే ఫ్లోట్ గిన్నె అడుగున పెట్రోల్ ఎండిపోయి బంకలా పట్టేసి ఉంది. క్లీనర్ స్ప్రే కొట్టి, బ్రష్‌తో రుద్ది తళతళలాడించాను. పైలట్ జెట్ రంధ్రం పూడిపోయి ఉంటే సన్నటి ఇనుప తీగ దూర్చి ఆడించాను. బండి స్టార్టయింది. వెంటనే స్టేటస్ కూడా పెట్టేశాను.

మర్నాడు సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర ఆగగానే నల్లటి పొగ, ఆ వెంటనే ఇంజిన్ బంద్. వెనకాల క్యాబుల హారన్లు. మిక్స్చర్ స్క్రూ ఎటు తిప్పినా దారికి రాలేదు.

చివరికి మియాపూర్‌లో ఒక ముసలి మెకానిక్ చాచా దగ్గరికి పోయాను. ఆయన ముందు స్పార్క్ ప్లగ్ తీసి చూశాడు. మొత్తం మసి. తర్వాత జెట్‌ను వెలుతురుకి పెట్టి ఒక్క మాటడిగాడు: "తీగ పెట్టినవా?" తలూపాను. "ఇత్తడి మెత్తగుంటది బేటా. ఇనుముతోని పొడిస్తే ఇనుమే గెలుస్తది. గాలి కొట్టాలె, పొడవొద్దు."

జెట్ చేసే పనంతా దాని రంధ్రం సైజులోనే ఉంది. అది కాస్త పెద్దదైతే ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువైపోతుంది. రాణిగంజ్‌లో వెతికి కొత్త జెట్ తెచ్చాను. అప్పుడు మొదలైంది అసలు పని. ఇంజిన్ వేడెక్కాక స్క్రూ కొద్దికొద్దిగా తిప్పడం, చప్పుడు ఎక్కడ నిండుగా, కుదురుగా ఉందో వినడం, ఐడిల్ స్పీడ్ తగ్గించి మళ్లీ వినడం. కడగడం గంట పని, సెట్ చేయడానికి ఒక పూట పట్టింది.

బరువు లెక్కన పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. కానీ ఆ నిష్పత్తి తప్పితే ఎలా వినిపిస్తుందో, ప్లగ్ మీద ఏ రంగు కనిపిస్తుందో ఆ రోజే తెలిసింది.

కార్బ్యురేటరే గొప్పదని నేననట్లేదు. పొగ విషయంలో, మైలేజీ విషయంలో ఇంజెక్షనే మేలు. సెన్సర్ చూసి ఈసీయూ క్షణాల్లో సరిచేస్తుంది. కాకపోతే అది ఏం సరిచేస్తోందో తెలియాలంటే, ఒక్కసారైనా మన చేత్తో సరిచేసి ఉండాలి. ఇది మెకానికల్ వాళ్లకే కాదు. ఎర్రర్ రాగానే కారణం చూడకుండా, ఎక్కడో దొరికిన కోడ్ పేస్ట్ చేసి "రన్ అయింది" అనుకుంటాం చూడండి, అదీ జెట్‌లో వైరు దూర్చడమే!

అందుకే నేనడిగేది చిన్నదే. తుక్కు కొట్ల నుంచి పాత స్కూటర్ కార్బ్యురేటర్లు తెప్పించండి. నలుగురికి ఒకటివ్వండి. విప్పి, కడిగి, బిగించి, ఇంజిన్ నడిపించాకే రికార్డు మీద సంతకం పెట్టండి. పెట్రోల్‌తో ప్రమాదమంటారా? ఆరుబయట పెట్టండి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచండి.

మొన్న ఆదివారం తాతయ్య డ్రైవ్ చేశాడు. అదే సిగ్నల్ దగ్గర ఆగాం. ఇంజిన్ ఆగలేదు. మెచ్చుకుంటాడేమో అని చూశాను.

"ఐడ్లింగ్ కొంచెం ఎక్కువుంది రా" అన్నాడు.

ఇంటికొచ్చి విన్నాను. నిజమే. పావు తిప్పు తగ్గించాను.