నలుపు పూసిన నాణెం ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్ముదాం

1565 తర్వాత విజయనగర రాజధాని అయిన పెనుకొండ మన పక్కనే ఉంది. పాత నాణేలు అమ్మి నాలుగు డబ్బులు చూద్దామని హిందూపురం కుర్రాళ్లకు అనిపించడం సహజం.

1840 నాటి విక్టోరియా వెండి రూపాయినే తీసుకోండి. గాలిలోని గంధకం వల్ల దానిపై ఏళ్ల తరబడి నల్లటి పొర పడుతుంది. రుద్ది తళతళలాడిస్తే రేటు పడిపోతుంది. అందుకే కొందరు గంధకం మందు పూసి మళ్లీ నల్లబరుస్తారు. చూడ్డానికి పాతదే, కానీ ఆ నలుపు నిన్నటిది.

నా దృష్టిలో పూయడం తప్పు కాదు, దాచడమే మోసం. ధర్మవరంలో ఇమిటేషన్ జరీ చీర అమ్మొచ్చు. దాన్నే వెండి జరీ అంటేనే తప్పు. 'క్లీన్ చేసి రంగు తెప్పించింది' అని రాయండి. రేటు తగ్గుతుంది, నిజమే. దాచి అమ్మాక గ్రేడింగ్ సంస్థ కృత్రిమ రంగు అని తేలిస్తే డబ్బు వాపస్ ఇవ్వాలి, పేరూ పోతుంది.

ఇంకోటి: వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్స్ ఉండాలి.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టి ఉద్యోగం కొట్టడం ఎంత తప్పో, ఇదీ అంతే తప్పు.